‘కొలెస్ట్రాల్ సున్నా’ అని ముద్రించిన వేగన్ చీజ్ గుండెకు మంచిదేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీకు నలభై ఆరేళ్ళు. పుట్టుకతో శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. అయినా కిందటి నెల చేయించుకున్న రక్తపరీక్షలో, ‘చెడు కొలెస్ట్రాల్’ అని పిలిచే ఎల్‌డీఎల్ 158, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 210 వచ్చాయి. పిల్లల కోసం ఇంట్లో ఎప్పుడూ ఉండే చీజే ఇందుకు కారణమని భావించి దాన్ని మానేశారు. దాని బదులు, పాలు లేకుండా మొక్కల పదార్థాలతో చేసిన వేగన్ చీజ్ తెచ్చుకుని, ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ 0 మి.గ్రా.’ అని ఉందన్న ధైర్యంతో రోజూ రెండు మూడు స్లైసులు తింటున్నారు. దీన్ని నిశ్చింతగా కొనసాగించవచ్చా అని అడిగారు.

కొనసాగించవద్దు, కనీసం రోజూ వద్దు. ప్యాకెట్ మీద రాసినది అబద్ధం కాదు, మొక్కల నుంచి వచ్చే ఏ ఆహారంలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అయితే మీ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పెంచడంలో ఆహారంలోని కొలెస్ట్రాల్‌ కంటే సంతృప్త కొవ్వు (వెన్న, నెయ్యి, కొబ్బరినూనెలలో ఎక్కువగా ఉండే రకం) పాత్రే పెద్దది. కొబ్బరినూనెతో చేసే మీ రకం చీజ్‌లో ఆ కొవ్వు పాల చీజ్‌లో ఉన్నంతే ఉంటుంది, కొన్నిటిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. విశాఖలో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్న ఇన్నేళ్ళలో, ఈ ఒక్క విషయం తెలియక, మంచి ఉద్దేశంతోనే తమ ప్రయత్నాన్ని వృథా చేసుకున్నవారిని చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. సాధారణ చెడార్ చీజ్ 100 గ్రాములలో సుమారు 100 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, 19–20 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటాయి. ఒక స్లైసు బరువు ఇంచుమించు 20 గ్రాములు. అంటే మూడు స్లైసుల పాల చీజ్ మానేయడం వల్ల మీరు తప్పించుకున్న కొలెస్ట్రాల్ 60 మిల్లీగ్రాములు. మన శరీరం తనంతట తాను రోజూ తయారుచేసుకునే కొలెస్ట్రాల్ సుమారు ఒక గ్రాము, అంటే 1000 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ మొత్తం ముందు ఈ 60 ఎంత? మరోవైపు, కొబ్బరినూనెతో చేసిన మొక్కల చీజ్‌లో కూడా 100 గ్రాములకు 20 గ్రాములకు అటూ ఇటూగా సంతృప్త కొవ్వు ఉండడం మామూలే. మూడు స్లైసులకు అది 12 గ్రాములవుతుంది. రోజుకు 2000 కిలోకేలరీలు తినే ఆరోగ్యవంతులకు సంతృప్త కొవ్వు మొత్తం శక్తిలో పది శాతం, అంటే 22 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎల్‌డీఎల్ తగ్గించుకోవలసినవారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టే హద్దు ఇంకా తక్కువ, 11 నుంచి 13 గ్రాములు. నెయ్యి, పాలు, పెరుగు, బిస్కెట్లు ఏవీ లెక్కలోకి రాకముందే మీ రోజువారీ వాటా ఆ మూడు స్లైసులతోనే అయిపోతోంది.

సంతృప్త కొవ్వుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాలను లోపలికి లాక్కుని తొలగించే పని ప్రధానంగా కాలేయానిది. ఆ పని చేసే గ్రాహకాలు కాలేయ కణాల ఉపరితలం మీద ఉంటాయి. వాటిని కనుగొన్న పరిశోధనలకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువగా తిన్నప్పుడు ఈ గ్రాహకాల పని మందగిస్తుంది, దాంతో ఎల్‌డీఎల్ కణాలు రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతూ ఉండిపోతాయి. ఆహారంలోని కొలెస్ట్రాల్ ప్రభావం దీనితో పోలిస్తే చిన్నది, ఎందుకంటే బయటి నుంచి ఎక్కువగా వచ్చినప్పుడు శరీరం తన తయారీని కొంత తగ్గించుకుంటుంది. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలలో చాలాకాలం ఉన్న ‘రోజుకు 300 మిల్లీగ్రాములు’ అనే పరిమితిని 2015–2020 సంచికలో తొలగించారు. అంతమాత్రాన ఆహారంలోని కొలెస్ట్రాల్ ఎంతైనా ఫరవాలేదని అర్థం కాదు. కొందరి శరీరం దానికి మిగతావారి కంటే ఎక్కువగా స్పందిస్తుంది, మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అయితే ముందుగా తగ్గించవలసినది ఏది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు సంతృప్త కొవ్వే.

మన ఊళ్ళో ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. శాకాహారులైన మీకు ఇది వర్తించకపోయినా, చదివే మిగతావారి కోసం చెబుతాను. వైద్యుడు కొలెస్ట్రాల్ ఎక్కువుందని చెప్పగానే మన విశాఖవాసులు మొట్టమొదట మానేసేది రొయ్యలు. 100 గ్రాముల రొయ్యలలో కొలెస్ట్రాల్ 150 మిల్లీగ్రాములు దాటుతుంది, నిజమే, కానీ సంతృప్త కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. రొయ్యలు మానేసిన అదే మనిషి సాయంత్రం టీతో పాటు పామాయిల్‌తో చేసిన కర్రీ పఫ్‌నూ, క్రీమ్ బిస్కెట్లనూ ఏ శంకా లేకుండా తింటాడు. రొయ్యల వేపుడులో నూనె తగ్గించుకోవడం అవసరమే, కానీ దోషమంతా రొయ్యదే అనుకోవడం సరికాదు.

ఇక కొబ్బరినూనె సంగతి. దానిలోని కొవ్వులో 80 శాతానికి పైగా సంతృప్తమే. నెయ్యిలో అది 60–65 శాతం, పామాయిల్‌లో సగం, వేరుశనగ నూనెలో 20 శాతం లోపు, పొద్దుతిరుగుడు నూనెలో పది పదకొండు శాతం. చీజ్ తయారీదారులు కొబ్బరినూనెనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, వేడి తగలగానే కరగడం చీజ్‌కు అవసరమైన గుణం, అది సంతృప్త కొవ్వు వల్లే వస్తుంది. పొద్దుతిరుగుడు నూనెతో స్లైసు నిలబెట్టడం కష్టం. కాబట్టి ఏ మొక్కల చీజ్ అయినా పాల చీజ్‌లాగే చక్కగా కరిగి సాగుతోందంటే, దానిలో ఏ కొవ్వు వాడారో తప్పక చూడండి.

‘కొబ్బరినూనెలో ఉన్నది లారిక్ ఆమ్లం, అది వేరే రకం, గుండెకు హాని చేయదు’ అని మీరు వినే ఉంటారు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాన్ని రసాయనికంగా మధ్యస్థ గొలుసు కొవ్వుల (శరీరం త్వరగా ఖర్చుచేస్తుందని పేరున్నవాటి) జాబితాలో చేర్చినా, శరీరంలో అది చాలావరకు దీర్ఘ గొలుసు కొవ్వుల మాదిరిగానే ప్రవర్తిస్తుంది. 2020లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చిన సమగ్ర విశ్లేషణ ప్రకారం, పొద్దుతిరుగుడు, సోయా, ఆలివ్ వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. ‘మంచి కొలెస్ట్రాల్’ అనే హెచ్‌డీఎల్ కూడా కొంత పెరుగుతుంది, కానీ ఆ పెరుగుదల గుండెను కాపాడుతుందన్న ఆధారం లేదు. ఇడ్లీలోకి రెండు చెంచాల కొబ్బరి పచ్చడి వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. పచ్చి కొబ్బరిలో పీచు ఉంటుంది, మనం వేసుకునే మోతాదూ తక్కువే. నూనెగా పిండి, గట్టిగా బిగించి, రోజూ అరవై గ్రాములు తినడం వేరే సంగతి.

గాజువాక నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి గురించి చెబితే మీకు విషయం ఇంకా స్పష్టమవుతుంది. గుండెకు మంచిదన్న నమ్మకంతో ఆయన పాలు, పెరుగు, చీజ్ అన్నీ ఒకేసారి మానేశారు. వాటి స్థానంలో కొబ్బరిపాల టీ, మొక్కల చీజ్, మొక్కల ‘వెన్న’ వచ్చాయి. ఆయన పట్టుదలలో లోపం లేదు, ఆర్.కె. బీచ్‌లో తెల్లవారుజాము నడక కూడా తప్పించేవారు కాదు. అయినా తరువాతి పరీక్షలో ఎల్‌డీఎల్ మునుపటి కంటే పెరిగింది. తింటున్న వాటి ప్యాకెట్లన్నీ తెమ్మన్నాను. బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, వెనకవైపున్న చిన్న అక్షరాలు ఇద్దరం కలిసి చదివాం. చీజ్ ప్యాకెట్ మీద వరుసగా నీరు, కొబ్బరినూనె, మార్పు చేసిన స్టార్చ్, ఉప్పు, చిక్కబరిచే పదార్థాలు, ఆమ్లత నియంత్రకం, రుచులు, రంగు అని ఉంది. ఆయన వేలు ‘కొబ్బరినూనె’ దగ్గర ఆగింది, ‘ఇందులో పప్పుగానీ గింజగానీ ఏమీ లేదేమిటమ్మా?’ అన్నారు. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం కాబట్టి, నీటి తరువాత అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది నూనె అన్నమాట. నేను ఆయనకు కొత్తగా ఏ ఆహారమూ చేర్చలేదు. కొబ్బరి కొవ్వు ఉన్న ఆ మూడు వస్తువులను తీసేసి, పెరుగు, వెన్న తక్కువగా ఉండే పాలు తిరిగి మొదలుపెట్టించాను. తరువాతి పరీక్షలో ఎల్‌డీఎల్ వెనక్కి దిగింది.

ఆ జాబితాలోని ‘మార్పు చేసిన స్టార్చ్’ ప్రత్యేకంగా మీ విషయంలో ముఖ్యం. మీ ట్రైగ్లిజరైడ్లు 210 ఉన్నాయి. దుంప పిండి, కర్రపెండలం పిండి వంటి శుద్ధిచేసిన పిండిపదార్థాలు, చక్కెర, మితిమీరిన అన్నం ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. పాల చీజ్‌లో పిండిపదార్థం దాదాపు ఉండదు, ఈ రకం మొక్కల చీజ్‌లో 100 గ్రాములకు ఇరవై గ్రాముల వరకు ఉండవచ్చు. దాన్ని బ్రెడ్డు మీద పెట్టుకుని తింటే పిండి మీద పిండి పెట్టుకుని తిన్నట్టే. మాంసకృత్తుల వైపు నుంచి చూసినా నష్టమే. చెడార్‌లో 100 గ్రాములకు 24–25 గ్రాముల ప్రొటీన్ ఉంటే, నూనె, స్టార్చ్‌తో చేసిన చీజ్‌లో ఒకటి రెండు గ్రాములు కూడా ఉండవు. గుడ్డు సైతం తినని మీకు ప్రొటీన్, కాల్షియం, బి12 మూడూ పాల పదార్థాల నుంచే ఎక్కువగా వస్తాయి. వాటిని తీసేసేటప్పుడు ఆ ఖాళీని దేనితో నింపుతున్నామో చూసుకోవాలి.

ఇది మొక్కల చీజ్‌లన్నిటికీ వర్తించే తీర్పు కాదు. వాటిలో రెండు వేర్వేరు జాతులున్నాయి. ఒకటి పైన చెప్పిన నూనె, స్టార్చ్ రకం. రెండోది జీడిపప్పు, బాదం, సోయా వంటి గింజలనే ఆధారంగా చేసుకున్నది. రెండో రకంలో కొవ్వు ఉన్నా అందులో ఎక్కువ భాగం అసంతృప్తమే. 100 గ్రాముల జీడిపప్పులో మొత్తం కొవ్వు సుమారు 45 గ్రాములు కాగా, సంతృప్తమైనది 8–9 గ్రాములు మాత్రమే. సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫు ఇంకా మేలు, దానిలో సంతృప్త కొవ్వు ఒకటి రెండు గ్రాములు మించదు, ప్రొటీన్ మాత్రం దండిగా ఉంటుంది. కాల్షియం లవణంతో గడ్డకట్టించినదైతే కాల్షియం కూడా దొరుకుతుంది.

సీతమ్మధారలో ఉండే ఒక తల్లి తన కొడుక్కి పాల ఎలర్జీ ఉన్నందువల్ల ఇంట్లోనే జీడిపప్పు చీజ్ చేస్తారు. నేను ఆమె దగ్గరే ఆ పద్ధతి నేర్చుకుని మిగతావారికి చెబుతున్నాను. పలాస గుండు జీడిపప్పు అక్కర్లేదు, ధర తక్కువగా ఉండే బద్దలు చాలు. వాటిని నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా ఒంపేసి, నిమ్మరసం, చిన్న వెల్లుల్లి రెబ్బ, మిరియాల పొడి, కొద్దిగా ఉప్పు వేసి మెత్తగా రుబ్బాలి. నీళ్ళు చెంచా చెంచాగా మాత్రమే పోయాలి, పలచబడితే బ్రెడ్డు మీద నిలవదు. సగం జీడిపప్పు, సగం టోఫు వేస్తే కేలరీలు తగ్గి ప్రొటీన్ పెరుగుతుంది, మీకు నేను సూచించేది ఈ రెండోదే. మన ఊరి ఉక్కపోతకు ఇది బయట పెడితే పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. రోజుకు రెండు చెంచాలు చాలు. జీడిపప్పు మంచిదే అయినా 100 గ్రాములకు 550 కిలోకేలరీలకు పైగా ఉంటుంది, గిన్నె పక్కన పెట్టుకుని తినే పదార్థం కాదు.

బజారులో కొనవలసి వస్తే ముందువైపున్న ‘కొలెస్ట్రాల్ సున్నా’ను పట్టించుకోకుండా ప్యాకెట్‌ను తిప్పి, ‘సంతృప్త కొవ్వు’ అనే వరుసను చదవండి. మన దేశ లేబుల్ నియమాల ప్రకారం ఆ వరుస తప్పనిసరిగా ఉండాలి. 100 గ్రాములకు 5 గ్రాముల లోపు ఉంటే తరచుగా వాడుకోవచ్చని, పది దాటితే ఎప్పుడో ఒకసారికి మాత్రమే అని నేను చెబుతుంటాను. కొన్ని ప్యాకెట్ల మీద ఒక్క స్లైసుకు లెక్కగట్టిన అంకె పెద్దగా కనిపిస్తుంది, మీరు 100 గ్రాముల అంకెనే చూడండి. సోడియం కూడా చూడండి, 600 మిల్లీగ్రాములు దాటితే ఉప్పు ఎక్కువున్నట్టే. కొలెస్ట్రాల్ లేకపోవడం ఒక నూనెకో కొవ్వుకో గొప్ప గుణమైతే, ఒకప్పటి వనస్పతి కూడా గొప్పదే కావాలి. అదీ మొక్కల నూనెతో చేసినదే, అందులోనూ కొలెస్ట్రాల్ సున్నాయే, కానీ దానిలోని ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచి, హెచ్‌డీఎల్‌ను తగ్గించి, ఎన్నో గుండెలకు హాని చేసింది. నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం దాటకూడదన్న నియమం మన దేశంలో 2022లో గానీ అమలులోకి రాలేదు.

హోటళ్ళలో పిజ్జాల మీద, చీజ్ దోసెల మీద వేసే చవక ‘అనలాగ్’ చీజ్‌ను మొక్కల చీజ్‌గా పొరబడకండి. అందులో తరచుగా పాల ప్రొటీన్, పామాయిల్ కలిసి ఉంటాయి. అది వేగన్ కాదు, గుండెకు మేలు చేసేదీ కాదు, పాల ఎలర్జీ ఉన్న పిల్లలకైతే ప్రమాదకరం. నిజంగా పాలు లేనిది కావాలనుకుంటే ఆహార భద్రతా సంస్థ 2022 నియమాలతో వచ్చిన వేగన్ గుర్తును చూసి కొనండి.

పాల చీజ్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. సమానమైన కొవ్వు ఇచ్చి పోల్చి చూసిన ప్రయోగాలలో, వెన్న పెంచినంతగా చీజ్ ఎల్‌డీఎల్‌ను పెంచలేదు. చీజ్‌లోని కాల్షియం, ప్రొటీన్, పులిసే ప్రక్రియ ఇందుకు కారణాలు కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి పాల చీజ్ నుంచి కొబ్బరినూనె చీజ్‌కు మారడం వల్ల మీకు లాభం లేకపోవడమే కాదు, కొంత నష్టం కూడా ఉండవచ్చు. వారంలో ఒకసారి ఒక స్లైసు పాల చీజ్ తినడానికి నాకు అభ్యంతరం లేదు. మిగతా రోజులకు 1.5 శాతం వెన్న ఉండే డబుల్ టోన్డ్ పాలతో ఇంట్లో విరగ్గొట్టిన పనీర్ సరిపోతుంది. జంతువుల పట్ల దయతో పాలు మానేసినవారు, పాలు అరగనివారు, ఎలర్జీ ఉన్నవారు మొక్కల చీజ్ తినడం పూర్తిగా సబబే, వారి కారణాలను నేను గౌరవిస్తాను. వారు కూడా ఆ లేబుల్ చదివి గింజల రకం ఎంచుకోవాలన్నదే నా కోరిక.

మీ ఎల్‌డీఎల్ 158కి ఆ పాత చీజ్ ఒక్కటే కారణమై ఉండదని నా అభిప్రాయం. శాకాహార ఇళ్ళలో నేను అడిగి తెలుసుకునేవి వెన్న తీయని పాలతో రోజుకు ఎన్నిసార్లు కాఫీ, టీ తాగుతారు, మీగడ పెరుగు ఎంత, నెయ్యి చెంచాలతో కొలుస్తారా లేక డబ్బా నుంచే వంచుతారా, బేకరీ తిండి వారంలో ఎన్నిసార్లు అన్నవి. ఒక చెంచా నెయ్యిలో సుమారు 3 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది, పప్పన్నంలోకి, పొడి అన్నంలోకి, పెసరట్టు మీదకి కలిపి నాలుగు చెంచాలు తెలియకుండానే అయిపోతాయి. ఇవి కాక, మీ వయసులో స్త్రీలకు రుతుక్రమం ఆగే దశ దగ్గరపడుతున్నప్పుడు ఎల్‌డీఎల్ సహజంగానే పెరుగుతుంది. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది, ఆ పరీక్ష చేయించుకోకపోతే తప్పక చేయించుకోండి. తల్లిదండ్రులకుగానీ తోబుట్టువులకుగానీ చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే ఆ విషయం వైద్యుడికి చెప్పండి.

తీసేయడం మీదే దృష్టంతా పెట్టకుండా ఎల్‌డీఎల్‌ను దించే ఆహారాన్ని చేర్చండి. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, జిగురు పీచు, సోయా ప్రొటీన్, బాదం, మొక్కల స్టెరాల్స్ (మొక్కలలో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు) కలిపిన ఆహారం ఒక నెలలో ఎల్‌డీఎల్‌ను సుమారు 29 శాతం తగ్గించింది. అదే ప్రయోగంలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ మాత్ర వాడినవారికి తగ్గింది 31 శాతం. అక్కడ భోజనమంతా పరిశోధకులే ఇచ్చారు, ఇంట్లో అంత కచ్చితంగా కుదరదు కాబట్టి ఫలితమూ అంత రాదు, కానీ దారి మాత్రం అదే. ఆ ఆహారంలో వాడిన కూరగాయలలో బెండకాయ, వంకాయ ఉన్నాయన్నది మన వంటిళ్ళకు శుభవార్త. మీకు నేను చెప్పే మార్పులు ఇవి. ఉదయం ఓట్స్ లేదా బార్లీ, వారంలో మూడు నాలుగు రోజులు బెండకాయ, రోజూ ఏదో ఒక రూపంలో పెసలు, శనగలు, ఉలవలు, సాయంత్రం బిస్కెట్ల స్థానంలో గుప్పెడు బాదం లేదా వేరుశనగలు, వారంలో మూడుసార్లు టోఫు. ఇసబ్గోల్ పొట్టు రోజుకు రెండు చెంచాలు నిండుగా నీళ్ళతో తీసుకుంటే మరికొంత సాయం, అయితే థైరాయిడ్ మాత్రలాంటివి వేసుకుంటుంటే వాటికి కొన్ని గంటల ఎడం ఇవ్వాలి. కాల్షియం కోసం మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలిని మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోండి, 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ట్రైగ్లిజరైడ్ల కోసం రాత్రిపూట అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి, తీపి పానీయాలు పూర్తిగా మానండి.

ఇప్పటికే స్టాటిన్ మాత్ర రాసి ఉంటే, ఆహారం మార్చానన్న కారణంతో దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మార్పులు రెండు మూడు నెలలు పాటించాక, అదే ప్రయోగశాలలో, ట్రైగ్లిజరైడ్ల కోసం రాత్రి భోజనం తరువాత పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా పరీక్ష చేయించుకోండి. పరీక్షకు ముందు వారంలో మాత్రం గట్టిగా పథ్యం చేసి వెళ్ళేవారు చాలామంది ఉన్నారు, మీరు అలా చేయవద్దు. మీరు మామూలుగా తింటున్న ఆహారంతో వచ్చిన అంకెలను బట్టే మాత్ర అవసరమా, ఆహారంతోనే సరిపోతుందా అన్నది మీ వైద్యుడు సరిగా నిర్ణయించగలరు.